మలుపులో ముందు టైరు ఎందుకు జారిపోతుంది?

తమ్ముడు అడిగింది ఇదీ: అరకు నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా ఎస్.కోట వైపు దిగుతున్నాడు. 160 సీసీ బండి, ముందు చక్రానికి ఏబీఎస్ ఉంది. ఎడమ వైపు హెయిర్‌పిన్ మలుపులో (దాదాపు వెనక్కి తిరిగే మలుపు అది) బండి వంచాక, అనుకున్నదానికంటే బయటికి పోతున్నట్టు అనిపించింది. ఎదురుగా బస్సు కనిపించింది. ముందు బ్రేక్ "కొంచెమే" పట్టుకున్నాడు. ముందు చక్రం లోపలికి మడుచుకుపోయి, ఏం జరిగిందో తెలిసేలోపే బండి కింద ఉంది. టైరు షాపాయన టైరు పాతదైపోయిందంటున్నాడు. స్నేహితులేమో ముందు బ్రేక్ ముట్టుకోవడమే తప్పంటున్నారు. ఎవరి మాట నిజం?

తమ్ముడూ, మోకాలు చీరుకుపోవడంతో బయటపడ్డావు, బస్సు డ్రైవర్ ఆపగలిగాడు. ముందుగా అందుకు సంతోషం. ఇక నీ ప్రశ్నకు వస్తే, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ఆ పడిపోవడం మొదలైంది బ్రేక్ పట్టుకున్న క్షణంలో అని నేను అనుకోను. మలుపుకి నలభై యాభై మీటర్ల ముందు, ఏ వేగంతో లోపలికి వెళ్ళాలో నువ్వు నిర్ణయించుకున్న చోట మొదలైంది. బ్రేకు, టైరు, రోడ్డు మీద మట్టి ఇవన్నీ ఆ తర్వాతే లెక్కలోకి వచ్చాయి. ఎందుకలా అంటున్నానో కాస్త వివరంగా చెప్తాను. ఇది అర్థమైతే ఘాట్ రోడ్డంటే టెన్షన్ చాలా తగ్గుతుంది.

టైరు రోడ్డును తాకే చోటు మన అరచేయంత ఉంటుంది, అంతే. బండి వంచినప్పుడు ఆ చోటు టైరు మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. ఆ కాస్త రబ్బరే రెండు పనులు చెయ్యాలి. బండిని పక్కకు లాగి మలుపు తిప్పాలి, బ్రేక్ వేస్తే వెనక్కి లాగి వేగం తగ్గించాలి. రెండు పనులకూ ఉన్నది ఒకే పట్టు. ఒకే బోరు నీళ్ళు రెండు మడులకు పారించినట్టన్నమాట, ఒక మడికి గట్టు పూర్తిగా తెంపితే రెండో మడికి ధార సన్నబడిపోతుంది.

దీన్ని అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. నువ్వు తిరిగిన గీత వ్యాసార్థం 15 మీటర్లు అనుకో. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఆ మలుపు తిరిగితే బండి సుమారు 25 డిగ్రీలు వంగాలి. 40తో తిరిగితే దాదాపు 40 డిగ్రీలు వంగాలి. టైరుకు వెడల్పు ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే వంగుతుంది. వేగం పెరిగింది మూడో వంతు. టైరు పక్కకు లాగాల్సిన బలం మాత్రం దాదాపు 80 శాతం పెరిగింది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. మీటర్ మీద 10 కిలోమీటర్లు చిన్న తేడాలా కనిపిస్తాయి. హెయిర్‌పిన్‌లో అది చాలా పెద్ద తేడా.

పొడి తారు మీద మంచి టైరుకు, తన మీద ఉన్న బరువులో 90 శాతం దాకా పట్టు దొరుకుతుందని అనుకుందాం. 30 వేగంలో మలుపు తిరగడానికి 47 శాతం ఖర్చవుతుంది. అప్పుడు బ్రేకుకు 43 మిగులుతుందని అనుకుంటాం గానీ, ఈ రెండు బలాలూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కాబట్టి మామూలు కూడికలా కలవవు. నిజంగా మిగిలేది 75 శాతానికి పైనే. అంటే 30 వేగంలో వంగి ఉన్నా గట్టిగానే బ్రేక్ వేయొచ్చు. 40 వేగంలో మలుపుకే 84 శాతం పోతుంది, బ్రేకుకు మిగిలేది 32 మాత్రమే. ఇప్పుడు అదే మలుపులో నీడన తడి ఉందనుకో, లేదా రబ్బరు గట్టిపడిన టైరనుకో, మొత్తం పట్టు 70 శాతానికి పడిపోయింది. 40 వేగంతో ఆ మలుపు బ్రేక్ ముట్టుకోకపోయినా తిరగదు. 30 వేగంతో అయితే ఆ తడిలో కూడా తిరగొచ్చు, పైగా బ్రేకుకు ఇంకా 50 శాతం దాకా మిగులుతుంది. టైరు షాపాయన చెప్పిన పాత టైరూ, స్నేహితులు చెప్పిన బ్రేకూ రెండూ నిజమైన కారణాలే. అవి ప్రమాదంగా మారాయా లేదా అన్నది లోపలికి తెచ్చిన వేగమే తేల్చింది.

ఇక "కొంచెమే పట్టుకున్నాను" అన్న మాట. తమ్ముడూ, ఎదురుగా బస్సు కనిపించినప్పుడు ఎవరి చెయ్యీ కొంచెం పట్టుకోదు. ఎంత గట్టిగా అన్నదానికంటే ఎంత ఉన్నట్టుండి అన్నదే ఇక్కడ ముఖ్యం. బ్రేక్ వేయగానే బండి బరువు ముందుకు జరుగుతుంది. బండీ నువ్వూ కలిపి 215 కిలోలు అనుకుంటే, ముందు టైరు మీద మామూలుగా 100 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఓ మోస్తరు గట్టి బ్రేకుకు ఇంకో 50 కిలోలు దాని మీదికి వస్తాయి. బరువు పెరిగితే పట్టు కూడా పెరుగుతుంది. కానీ ఆ బరువు లివర్ నొక్కిన క్షణమే వచ్చి వాలదు. ముందు షాకులు కిందికి అణగాలి, బండి ముక్కు వంగాలి, టైరు కాస్త నలిగి రోడ్డు మీద పరుచుకోవాలి. దానికి ఓ అరక్షణం పడుతుంది. ఆ అరక్షణం ఇవ్వకుండా లివర్ లాగేస్తే, పట్టు పెరగకముందే బ్రేకు బలం వచ్చేస్తుంది. అప్పుడు చక్రం జారుతుంది. అదే బ్రేకు, అంతే బలంతో, నిమ్మకాయ పిండినట్టు కాస్త కాస్తగా పెంచుతూ వేసి ఉంటే పట్టు నిలిచేది. ఖాళీ గ్రౌండ్‌లో కొత్తవాళ్ళకు బ్రేకింగ్ నేర్పేటప్పుడు ఈ ఒక్క సంగతి మీదే నేను ఎక్కువ సమయం పెడతాను. ఒక వేలో రెండు వేళ్ళో లివర్ మీద ఉంచి, ముందు షాకులు అణగడం చేతికి తెలిసేదాకా మెల్లగా, ఆ తర్వాత గట్టిగా. ఇది అలవాటైన మనిషి భయపడినప్పుడు కూడా చెయ్యి అలాగే పనిచేస్తుంది.

ముందు చక్రం ఎందుకంత తొందరగా మడుచుకుపోతుందో కూడా చెప్పాలి, నీకు బాగా భయం వేసింది అక్కడే కాబట్టి. హ్యాండిల్ తిరిగే ఇరుసును ఊహలో రోడ్డు దాకా పొడిగిస్తే, టైరు రోడ్డును తాకే చోటుకంటే కాస్త ముందు తగులుతుంది. ఆ ఎడాన్ని ట్రెయిల్ అంటారు, చాలా బళ్ళలో 9, 10 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. బండి వంగి ఉన్నప్పుడు ఈ ట్రెయిల్ వల్ల చక్రం మీద రెండు బలాలు పనిచేస్తాయి. మీద ఉన్న బరువు చక్రాన్ని మలుపు లోపలికి తిప్పాలని చూస్తుంది. రోడ్డు ఇచ్చే పక్క పట్టు దాన్ని తిరిగి బయటికి తోస్తుంది. రెండూ సమానంగా ఉన్నంతసేపూ హ్యాండిల్ తేలిగ్గా, నిలకడగా ఉంటుంది. టైరు జారగానే పక్క పట్టు పడిపోతుంది, బరువు మాత్రం అలాగే ఉంటుంది. దాంతో చక్రం లోపలికి మడుచుకుంటుంది, మడుచుకున్న కొద్దీ ఇంకా జారుతుంది. వెనక టైరు జారితే అంత ప్రమాదం లేదు. ముందు చక్రం బండి పోతున్న దిక్కుకు తనంతట తానే తిరిగి చాలావరకు సర్దుతుంది. ముందు చక్రమే జారినప్పుడు సర్దే పని చేసేది ఇంకేదీ లేదు. రేసర్లు మోకాలూ మోచెయ్యీ నేలకు ఆనించి అలాంటి బండిని మళ్ళీ లేపడం మోటోజీపీ బైకు రేసుల్లో చూసే ఉంటావు. మార్క్ మార్కెజ్ దానికి బాగా పేరు పడ్డాడు. రోడ్డు మీద మనకు అది కుదరదు, దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

"మరి ఏబీఎస్ ఉంది కదా" అని అడిగావు. 125 సీసీ దాటిన బళ్ళన్నింటికీ 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఏబీఎస్ తప్పనిసరి. అది ఎంతో మంది ప్రాణాలు కాపాడే వస్తువు, అందులో నాకు సందేహం లేదు. కానీ నీ బండిలో ఉన్న మామూలు ఏబీఎస్ చూసేది చక్రం తిరిగే వేగాన్ని మాత్రమే. చక్రం లాక్ అవబోతోందని తెలిస్తే ప్రెజర్ వదులుతుంది. బండి ఎంత వంగి ఉందో దానికి తెలియదు. వంగి ఉన్నప్పుడు చక్రం లాక్ అవకుండానే, ఇంకా తిరుగుతూనే పక్కకు జారిపోగలదు. నీకు జరిగింది బహుశా అదే. వంపును కూడా లెక్కలోకి తీసుకునే కార్నరింగ్ ఏబీఎస్ వేరే ఉంది. బాష్ కంపెనీ తయారు చేసిన ఆ వ్యవస్థ మొదట 2013లో కేటీఎం 1190 అడ్వెంచర్ మీద వచ్చింది. మన దగ్గర 390 అడ్వెంచర్ లాంటి కొన్ని బళ్ళకే ఉంది. అది ఉన్నా 15 మీటర్ల మలుపు 15 మీటర్ల మలుపే, తడి తడే.

స్నేహితుల మాట విషయంలో మాత్రం గట్టిగా చెప్తాను. "ఘాట్‌లో ముందు బ్రేక్ ముట్టుకోవద్దు" అన్న సలహా వినొద్దు. దిగేటప్పుడు బరువంతా ముందే ఉంటుంది, వెనక చక్రం తేలికై ఉంటుంది. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే బండి ఆగదు, వెనక చక్రం మాత్రం లాక్ అయి ఊగుతుంది. పైగా కిందిదాకా అదే తొక్కుతూ వస్తే డ్రమ్ వేడెక్కి పట్టడం తగ్గిపోతుంది. ముందు బ్రేకే నిన్ను ఆపేది. దాన్ని ఎప్పుడు, ఎలా వాడాలన్నదే నేర్చుకోవాలి. ఇంకో సంగతి, 125 సీసీ లోపు బళ్ళలో, స్కూటర్లలో చాలావాటికి కాంబీ బ్రేక్ ఉంటుంది. వెనక బ్రేకు వేసినా ముందుది కూడా కొంత పడుతుంది. "నేను వెనకదే వేశాను, ముందు ఎందుకు జారింది" అని అడిగేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

దిగేటప్పుడు మనవాళ్ళు చాలామంది చేసే పని, పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ వేయడం, లేదా మలుపు మొత్తం క్లచ్ పట్టుకుని తిరగడం. నువ్వు ఆ మలుపులో క్లచ్ పట్టుకున్నావో లేదో రాయలేదు, కానీ ఆలోచించి చూడు. గేర్‌లో ఉంటే ఇంజన్ బండిని వెనక చక్రం ద్వారా పట్టి ఉంచుతుంది, ముందు టైరుకు అంత పని తగ్గుతుంది. క్లచ్ పట్టుకున్న మరుక్షణం బండి వాలులో వేగం అందుకుంటుంది, ఆ వేగం తగ్గించే భారం ముందు బ్రేకు మీదే పడుతుంది, అదీ వంగి ఉన్నప్పుడు. ఇక పెట్రోల్ మాటకొస్తే, ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళు గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే దిగేటప్పుడు పెట్రోల్ సరఫరానే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగకుండా తిరగడానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేదేమీ లేదు. హెయిర్‌పిన్‌కు ముందే రెండో గేరులో ఉండు, మలుపు అయిపోయేదాకా అందులోనే ఉండు.

ఇప్పుడు రోడ్డు. అనంతగిరి ఘాట్ మీద తిరిగినవాళ్ళకు తెలుసు, కాఫీ తోటల నీడ పడే చోట్ల ఎండ కాసినా తారు ఆరదు. పొద్దున మంచుకు తడుస్తుంది, రాలిన ఆకులు ఆ తడిలో అతుక్కుని ఉంటాయి. ఎండలోంచి ఒక్కసారి నీడలోకి వెళ్ళిన కంటికి ఆ తడి కనిపించదు. హెయిర్‌పిన్ లోపలి అంచు ఇంకా దారుణం. లారీలు, బస్సులు మలుపు కోస్తూ వెనక చక్రాలను మట్టి మీదికి దించుతాయి, ఆ మట్టినీ సన్న కంకరనూ తారు మీదికి ఈడుస్తాయి. ట్యాంకు నిండా కొట్టించుకున్న లారీ మలుపులో ఒరిగితే డీజిల్ కూడా రోడ్డు మీద చిందుతుంది. ఎడమ మలుపులో మనం నడిచేది సరిగ్గా ఆ లోపలి అంచు పక్కనే. అందుకే ఎడమ హెయిర్‌పిన్‌లో అంచుకు అతుక్కుని పోకుండా మన లేన్ మధ్యలో ఉండమంటాను. గుండ్రటి ఇంద్రధనుస్సు రంగులు రోడ్డు మీద మెరిస్తే అది డీజిల్. దాని మీద మంచి టైరూ చెడ్డ టైరూ అన్న తేడా ఉండదు.

మైదానంలో మన రోడ్లకు వేరే గండాలున్నాయి. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. ఆ గింజలు చక్రం కింద దొర్లుతాయి. గోదావరి పక్కన ఇసుక లారీలు వెళ్ళే రోడ్ల మలుపుల్లో తడి ఇసుక చారలు పడి ఉంటాయి. వేసవిలో కొన్ని రోడ్ల మీద తారు పైకి తేలి నున్నగా, నల్లగా మెరుస్తుంది, దాని మీద నాలుగు చినుకులు పడితే నిలవడం కష్టం. తొలకరి మొదటి అరగంట అన్నిచోట్లా ప్రమాదమే, నెలల తరబడి పేరుకున్న ఆయిలూ దుమ్మూ పైకి తేలి జిగటగా మారతాయి. గట్టి వాన ఓ అరగంట కురిసి కడిగేశాక రోడ్డు కాస్త మేలు. మలుపులో పడే తెల్ల గీతలు, జీబ్రా గీతలు, ఇనుప మ్యాన్‌హోల్ మూతలు తడిలో నమ్మకూడనివి. వంగి ఉండగా ఇలాంటిది చక్రం కిందికి వచ్చేసిందంటే, కొత్తగా ఏదీ చేయకుండా ఉండడమే నీ చేతిలో ఉన్న మంచి పని. బ్రేక్ వేయకు, ఇంకా వంచకు, యాక్సిలరేటర్ ఉన్నచోటే ఉంచు, చేతులు వదులుగా ఉంచు. అడుగు వెడల్పు మట్టి చారైతే చక్రం ఒక్కసారి ఉలిక్కిపడి అవతల పట్టు దొరకగానే నిలదొక్కుకుంటుంది.

చేతులు వదులుగా అన్నాను, దాని సంగతి. బయటికి పోతున్నామని భయం పుట్టగానే మనిషి రెండు చేతులూ బిగించి హ్యాండిల్‌ను ఇనుప కడ్డీలా పట్టుకుంటాడు. ముందు చక్రం మలుపులో ప్రతి చిన్న గతుకుకూ అటూ ఇటూ కొద్దిగా కదులుతూ తన గీత తానే సరిచేసుకోవాలి. నువ్వు బిగిస్తే ఆ కదలిక ఆగిపోతుంది. అది పంపే కబురు కూడా నీకు అందదు. ముందు టైరు పట్టు తప్పబోయే ముందు హ్యాండిల్ తేలికవుతుంది. వదులు చేతికి అది తెలుస్తుంది, బిగించిన చేతికి తెలియదు. ఈ "తెలియడం" ఎంత పెద్ద విషయమో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. మోటోజీపీ రేసర్ వాలెంటినో రోస్సీ 2011, 2012 సీజన్లలో డుకాటీ బండి మీద ఒక్క రేసు కూడా గెలవలేకపోయాడు. ముందు చక్రం ఏం చేస్తోందో తెలియడం లేదన్నదే ఆయన ప్రధానమైన ఫిర్యాదు. ఆ కాలంలో కార్బన్ ఫైబర్ ఫ్రేమ్ తీసేసి అల్యూమినియం ఫ్రేమ్ కూడా పెట్టారు. ప్రపంచ చాంపియన్‌కే కబురు అందకపోతే బండి వంచడం కష్టమైనప్పుడు, మనం చేతులు బిగించి ఆ కబురును మనమే ఆపుకోవడం ఎందుకు? మోకాళ్ళతో ట్యాంకును నొక్కి పట్టు, ఒంటి బరువు అక్కడ ఆనించు, మోచేతులు కాస్త మడిచి ఉంచు.

టైరు సంగతికి వస్తే, ముందు గాలి. పంక్చర్ షాపులో "గాలి కొట్టన్నా" అంటే రెండు చక్రాలకూ 35, 40 కొట్టేయడం మామూలైపోయింది. నీ తరహా బళ్ళలో చాలావాటికి ముందు చక్రానికి కంపెనీ చెప్పేది 25 పీఎస్‌ఐ దగ్గర. చైన్ కవర్ మీదో, స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది, చూసుకో. 40 కొట్టిన ముందు టైరు గట్టిగా ఉబ్బి, రోడ్డును తాకే చోటు తగ్గిపోతుంది, చిన్న గతుకులకు ఎగురుతుంది. మరీ తక్కువైనా మంచిది కాదు, వంచినప్పుడు టైరు పక్కలు నలిగి హ్యాండిల్ బరువెక్కి బండి తడబడుతుంది. గాలి తేడా ఎంత పనిచేస్తుందో మోటోజీపీలో ఏటా చూస్తున్నాం. ముందు టైరుకు ఇంతకంటే తగ్గకూడదని 2023లో 1.88 బార్ నియమం కఠినంగా అమల్లోకి వచ్చింది, 2024లో దాన్ని 1.8 బార్‌కు దించారు. అంటే మన లెక్కలో దాదాపు 26 పీఎస్‌ఐ, అదీ పరుగులో వేడెక్కాక. ఇంకో బండి వెనకాలే వేడి గాలిలో పోతుంటే ఆ ప్రెజర్ పెరిగి ముందు చక్రం మాటిమాటికీ లాక్ అవుతోందని రేసర్లు గగ్గోలు పెడతారు. కొద్దిపాటి పెరుగుదలకే వాళ్ళకు తేడా తెలుస్తుంది. మన పంక్చర్ షాపులో పడే తేడా అంతకంటే చాలా ఎక్కువ. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

తర్వాత వయసు. టైరు పక్క మీద నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ముందు టైరు వెనకదానికంటే నెమ్మదిగా అరుగుతుంది, అందువల్లే ఒక చిక్కు వస్తుంది. బటన్లు బాగానే కనిపిస్తాయి, అందుకే ఎవరూ మార్చరు. కానీ ఎండకూ గాలికీ రబ్బరు గట్టిపడిపోతుంది. నీ వెనక టైరు కొత్తది, ముందుది బండితో వచ్చిందే అన్నావు. గోరు గుచ్చి చూడు, వెనక టైరు మీద గోరు దిగినంత ముందుదాని మీద దిగకపోయినా, గాళ్ళ అడుగున సన్న పగుళ్ళు కనిపించినా, బటన్లు ఎన్ని ఉన్నా సరే మార్చెయ్. ఈ విషయంలో షాపాయన చెప్పింది సరైనదే. కొత్త టైరు వేశాక మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు మెల్లగా తిరుగు. కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది, కాస్త అరిగి గరుకెక్కాలి.

ముందు షాకుల్లో ఆయిల్ కారుతోందా అని కూడా చూడు. వేలితో రాడ్డు తుడిస్తే తెలుస్తుంది. సీల్ పోయి ఆయిల్ తగ్గితే బ్రేక్ వేసినప్పుడు షాకులు పూర్తిగా కూర్చుండిపోతాయి. అప్పుడు మలుపులో చిన్న గతుకు వచ్చినా అణగడానికి చోటుండదు, చక్రం రోడ్డు మీది నుంచి లేస్తుంది. కారిన ఆయిల్ డిస్క్ మీద పడితే అది ఇంకో ప్రమాదం. కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల సంగతి కూడా చాలామంది వదిలేస్తారు. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పితే నడిమధ్యలో గాడిలో పడినట్టు ఆగుతోందంటే అది పోయింది. అలాంటి బండి నేరుగా పోతుంటే బాగానే ఉంటుంది, మలుపులో హ్యాండిల్ తనంతట తాను సరిచేసుకోలేదు.

నువ్వు పడిన చోట ఫొటోలు తీశానన్నావు. వాటిని మళ్ళీ ఒకసారి చూడు. మా దగ్గరికి పడిపోయిన బళ్ళు వస్తే నేను మొదట అడిగేది రోడ్డు ఫొటోలే. పడిన చోటికి ముందు పొట్టిగా నల్లటి రబ్బరు గీత ఉంటే బ్రేకుతో చక్రం ఆగి జారిందని అర్థం. గీత లేకుండా దుమ్ములో చారో, తుడిచిన ఆనవాలో ఉంటే మట్టి మీద పట్టు పోయింది. రబ్బరు ఆనవాలు కంటే ముందే ఇనుము గీకిన తెల్ల గీత మొదలైతే సంగతి వేరు. ఎడమ మలుపులో స్టాండో ఫుట్‌రెస్టో నేలకు తగిలి బండిని లేపి, టైరు మీది బరువు తీసేసింది. వెనక ఇద్దరు కూర్చుని వెనక షాకులు అణిగిపోయిన బండ్లలో ఇది తరచూ చూస్తుంటాం.

ఇక మలుపు ఎలా తిరగాలి అంటే, వేగం తగ్గించే పని బండి నిటారుగా ఉన్నప్పుడే దాదాపు అంతా అయిపోవాలి. రెండు బ్రేకులూ వాడు, గేరు దించు, "ఇంకొంచెం వేగంగా వెళ్ళొచ్చేమో" అనిపించే వేగానికి తగ్గించు, అప్పుడు వంచు. వంచడం మొదలుపెట్టేటప్పుడు ముందు బ్రేకు ఒక్కసారిగా వదలకుండా, వంపు పెరిగేకొద్దీ వేళ్ళు మెల్లగా సడలించు. ఒక్కసారి వదిలితే ముందు షాకులు పైకి లేచి, బండికి పట్టు కావాల్సిన క్షణంలోనే టైరు తేలికవుతుంది. బాగా నేర్చినవాళ్ళు ఈ చివరి సన్నటి బ్రేకును మలుపు లోపలిదాకా మోసుకెళ్తారు, దాన్ని ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు (పైన చెప్పిన ట్రెయిల్ వేరు, ఇది వేరు). ఘాట్‌లో నువ్వు దాన్ని మొదటి రోజే ప్రయత్నించకు. మెల్లగా వదలడం వరకు వస్తే చాలు.

ఇంతా చేసినా ఒక్కోసారి బయటికి పోతున్నట్టు అనిపిస్తుంది. బస్సు వైపు చూడకు. చూసిన వైపే బండి పోతుంది. మలుపు చివర నువ్వు వెళ్ళాల్సిన చోటుకు తల తిప్పు. రోడ్డు శుభ్రంగా ఉంటే ఎడమ హ్యాండిల్‌ను ఎడమ చేత్తో మెత్తగా ముందుకు నెట్టు, బండి ఇంకాస్త ఎడమకు వంగి గీత బిగుసుకుంటుంది. 30, 35 వేగంలో నీ బండికి ఇంకా వంగే చోటు చాలానే ఉంటుంది, అంత వంపు అలవాటు లేక నువ్వు వాడుకోవు. నిజంగా ఆపాల్సిందే అయితే ముందు బండిని నిటారు చేసి, ఆ తర్వాతే గట్టిగా బ్రేక్ వేయి. వంచడం పెంచుతూ బ్రేకూ పెంచడం, ఈ రెండూ కలిపి చేసినప్పుడే ముందు చక్రం మడుచుకుంటుంది. ఒకవేళ జారడం మొదలైందని చేతికి తెలిస్తే బ్రేక్ వెంటనే వదిలెయ్. చాలాసార్లు ఆలస్యమవుతుంది, కానీ నిలబడే అవకాశం ఉన్నది ఆ ఒక్క దారిలోనే.

మళ్ళీ బండి ఎక్కేముందు వర్క్‌షాప్‌లో ముందు భాగం విప్పించి చూపించు. ఆ వేగంలో పడినప్పుడు ముందు షాకుల రాడ్లు వాటిని పట్టుకునే క్లాంపుల్లో మెలితిరగడం మామూలే. చక్రం నేరుగా ఉంచితే హ్యాండిల్ పక్కకు ఉందంటే అదే కారణం. చాలాసార్లు బోల్టులు వదులు చేసి సరిచేస్తే సరిపోతుంది, రాడ్డు వంగి ఉంటే మాత్రం మార్చాలి. డిస్క్ తిప్పి చూడమను, వంగితే బ్రేక్ వేసినప్పుడు లివర్ కొట్టుకుంటుంది. హెల్మెట్ నేలకు తగిలిందన్నావు, పైకి గీతలే కనిపించినా లోపలి థర్మాకోల్ నలిగి ఉంటుంది, కొత్తది కొనుక్కో. ముందు టైరు మీది నాలుగు అంకెలూ, స్టాండు గీకిన ఆనవాలు ఉందో లేదో చూసి రాయి. ఏ కారణం ఎంత ఉందో అప్పుడు ఇంకా కచ్చితంగా చెప్తాను.